ఇంగ్లండ్‌లో బరో కౌన్సిల్ ఎన్నికలు: ఓటు నమోదు నుంచి నామినేషన్ దాకా

ఇంగ్లండ్‌కు వచ్చి ఏళ్లు గడిచినా, బ్రిటిష్ పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా తమకు ఇక్కడ ఓటు లేదనుకునే తెలుగువారు ఇప్పటికీ చాలామంది కనిపిస్తారు. అది అపోహ. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం కాబట్టి, భారత పౌరులు చెల్లుబాటయ్యే వీసాతో ఇంగ్లండ్‌లో నివాసం ఉంటే బరో (స్థానిక పాలన విభాగం) కౌన్సిల్ ఎన్నికల్లోనూ, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. స్టూడెంట్ వీసా మీద నిరుడు వచ్చిన విద్యార్థికీ, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న ఇంజనీరుకూ, డిపెండెంటుగా వచ్చిన భార్యకూ భర్తకూ ఈ హక్కు సమానంగా ఉంది. పోలింగ్ నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి, ఓటరు జాబితాలో పేరు ఉండాలి. అభ్యర్థిగా నిలబడడానికి మాత్రం నియమం మరికాస్త కఠినం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

హక్కు ఉండడం ఒక ఎత్తు, దాన్ని వాడుకోగలగడం మరో ఎత్తు. నేను చూసినంతలో మనవాళ్ల ఓటు పోయేది రాజకీయ నిరాసక్తత వల్ల కాదు. దాటిపోయిన గడువు వల్ల, జాబితాలో ఒకలాగా పాస్‌పోర్టులో ఇంకోలాగా ఉన్న పేరు వల్ల. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా మీ బరో ఏ రకమో తెలుసుకోండి

బరో అనే పేరు ఒకటే అయినా దాని వెనక ఉన్న అధికారాలు అన్నిచోట్లా ఒకటి కావు. లండన్‌లోని 32 బరోలు, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉన్న మెట్రోపాలిటన్ బరోలు, రెడింగ్, స్లౌ వంటి యూనిటరీ బరోలు తమ పరిధిలోని స్థానిక సేవలు దాదాపు అన్నింటినీ తామే చూసుకుంటాయి: చెత్త సేకరణ, బడి సీట్ల కేటాయింపు, వృద్ధుల సంరక్షణ, ఇంటి వెనక గది కట్టుకోవడానికి ప్లానింగ్ అనుమతి, లైబ్రరీలు, పార్కింగ్. కౌంటీ (జిల్లా వంటి పై స్థాయి పాలన విభాగం) కింద ఉండే బరోల్లో బడులు, రోడ్లు, సామాజిక సంరక్షణ కౌంటీ చేతిలో ఉంటాయి. చెత్త, ప్లానింగ్, కౌన్సిల్ ట్యాక్స్ వసూలు వంటివి బరో చేతిలో ఉంటాయి. ఇంటి ముందుకు ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని గుంతల రోడ్డు గురించి నిలదీసే ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకుంటే మంచిది. వీసా ఫీజులు, ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ అపాయింట్‌మెంట్లు ఏ బరో కౌన్సిలర్ చేతిలోనూ లేవు.

ఎన్నిక ఎప్పుడు వస్తుందన్నది కూడా బరోను బట్టి మారుతుంది. లండన్ బరోల్లో నాలుగేళ్లకోసారి అన్ని స్థానాలకూ ఒకేసారి ఎన్నిక జరుగుతుంది. 2022 తర్వాతి వంతు 2026 మే 7. ఉదాహరణకు హారో కౌన్సిల్‌లో 22 వార్డులకు 55 మంది కౌన్సిలర్లు ఉన్నారు, కాబట్టి ఒక్కో వార్డు నుంచి ఇద్దరో ముగ్గురో ఎన్నికవుతారు. వార్డు నుంచి ఎంతమంది ఎన్నికవుతారో ఓటరుకు అన్ని ఓట్లు ఉంటాయి. రెడింగ్‌లో పద్ధతి వేరు: 16 వార్డులు, వార్డుకు ముగ్గురు చొప్పున 48 మంది ఉన్నా, ఏటా మూడో వంతు స్థానాలకే ఎన్నిక జరిగి నాలుగో ఏడు ఖాళీగా పోతుంది. అక్కడ మామూలుగా ఓటరుకు ఒక్క ఓటే ఉంటుంది. న్యూహామ్, హాక్నీ, లూయిషామ్, టవర్ హామ్లెట్స్, క్రాయిడన్ వంటి బరోల్లో మేయరును కూడా ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి అక్కడ మరో బ్యాలెట్ పత్రం చేతికి వస్తుంది.

ఓటరు జాబితా, మన పేర్ల చిక్కు

నమోదు ప్రభుత్వ వెబ్‌సైటులో ఐదు నిమిషాల పని. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, జాతీయత, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్ను, సామాజిక భద్రత ఖాతా సంఖ్య) అడుగుతారు. జాతీయత దగ్గర ఉన్నదున్నట్టు భారతీయులమనే చెప్పాలి. అలా చెప్పడం వల్ల దరఖాస్తు తిరస్కరణకు గురికాదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాకపోతే లేదని చెప్పి దరఖాస్తు చేయవచ్చు, అప్పుడు కౌన్సిల్ మరో గుర్తింపు పత్రం అడుగుతుంది. కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నాం కాబట్టి పేరు దానంతటదే జాబితాలో చేరుతుందనుకోవద్దు, ఆ రెండూ వేర్వేరు వ్యవహారాలు. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్తగా నమోదు చేసుకోవాలి. చివర్లో ఓపెన్ రిజిస్టరులో పేరు ఉండాలా వద్దా అని అడుగుతారు. అది ఎవరైనా కొనుక్కోగలిగే జాబితా, అందులో లేకపోయినా ఓటుకు ఏ లోటూ రాదు కాబట్టి నేనైతే వద్దనే చెబుతాను.

ఇక పేరు సంగతి. మనలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. కొందరు ఆడవాళ్లకు పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, బ్యాంకులో మెట్టింటి పేరు ఉంటాయి. నమోదు పత్రం మాత్రం మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు చూపించి రెండూ నింపమంటుంది, ఆ క్షణంలో తోచినట్టు విడగొట్టి రాసేస్తాం. పదేళ్ల కిందటైతే దాని వల్ల నష్టమేమీ ఉండేది కాదు, ఎందుకంటే అప్పుడు పోలింగ్ కేంద్రంలో పేరు, చిరునామా చెబితే చాలు. 2023 మే 4న జరిగిన స్థానిక ఎన్నికల నుంచి ఇంగ్లండ్‌లో ఫోటో గుర్తింపు పత్రం తప్పనిసరి అయింది, దాని మీది పేరు జాబితాలోని పేరుతో సరిపోవాలి.

ఆ నియమం వచ్చాక మొదటిసారి ఓటు వేయడానికి వెళ్లినప్పుడు, జాబితాలో నా ఇంటిపేరు ఉండాల్సిన చోట నా పేరులోని రెండో సగం కనిపించింది. బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగిని పాస్‌పోర్టునూ జాబితానూ మార్చి మార్చి చూసి, వేలితో అక్షరాలు లెక్కపెట్టి, ప్రిసైడింగ్ అధికారిని పిలిచారు. ఆయన కూడా ఓసారి చదివి, అక్షరాలన్నీ ఉన్నాయి, వరుసే మారిందని తేల్చి బ్యాలెట్ పత్రం ఇప్పించారు. తప్పు నాదే, నమోదు చేసుకున్న రోజు నేను తొందరపడ్డాను. చిన్న తేడాలను ప్రిసైడింగ్ అధికారి తన విచక్షణతో అనుమతించవచ్చు కానీ, పెళ్లి తర్వాత మారిన ఇంటిపేరు వంటి పెద్ద తేడా ఉంటే వివాహ ధ్రువపత్రం వంటి రుజువు వెంట తీసుకెళ్లాలి. అంతకన్నా సులువైన మార్గం, నమోదు చేసుకునేటప్పుడే పాస్‌పోర్టు పక్కన తెరిచి పెట్టుకుని అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం. ఇప్పటికే తప్పుగా ఉంటే మీ కౌన్సిల్ ఎన్నికల విభాగానికి రాసి సరిచేయించుకోవచ్చు.

గుర్తింపుగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులన్నీ ఆమోదిత జాబితాలో ఉన్నాయి. బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్సు, అది ప్రొవిజనల్ అయినా, చెల్లుతుంది. గడువు తీరిన పత్రమైనా అందులోని ఫోటో మీలాగే ఉంటే సరిపోతుంది కాబట్టి పాత బీఆర్పీ (నివాస అనుమతి) కార్డు పారేయకుండా ఉంచుకున్నవారికి అది పనికొస్తుంది. చెల్లనివి: ఆధార్ కార్డు, భారత డ్రైవింగ్ లైసెన్సు, ఓసీఐ కార్డు, ఫోన్లో చూపించే ఈ-వీసా, ఏ పత్రానికైనా ఫోటోకాపీ. పత్రం మీది చిరునామాను ఎవరూ పట్టించుకోరు, పాస్‌పోర్టులో విజయవాడ చిరునామా ఉన్నా అడ్డంకి కాదు. చెల్లే పత్రం ఒక్కటీ లేనివారు ఓటరు అథారిటీ సర్టిఫికెట్ కోసం ఉచితంగా దరఖాస్తు చేసుకోవచ్చు.

గడువులను వెనక్కి లెక్కపెట్టడం

ఇక్కడ ఎన్నికల గడువులన్నీ పోలింగ్ రోజు నుంచి వెనక్కి, పనిదినాల్లో లెక్కకు వస్తాయి. శని ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. మే నెల మొదటి గురువారం పోలింగ్ పెట్టడం ఆనవాయితీ కాబట్టి ఆ లెక్కకు మే మొదటి సోమవారం సెలవు, కొన్నేళ్లలో ఈస్టర్ సెలవులు అడ్డం వస్తాయి.

2026 మే 7 గురువారం పోలింగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మే 6 మొదటి రోజు, మే 5 రెండో రోజు. మే 4 సోమవారం సెలవు, దాని వెనక ఆదివారం, శనివారం. కాబట్టి మే 1 మూడో రోజు. అలా వెనక్కి వెళ్తే 12వ పనిదినం ఏప్రిల్ 20 అవుతుంది. ఓటు నమోదుకు అదే ఆఖరి రోజు, అర్ధరాత్రి వరకు సమయం ఉంటుంది. మే 4ను తీసేయడం మరిచిపోతే లెక్క ఏప్రిల్ 21 అని తేలుతుంది, ఒక్క రోజు తేడాతో ఓటు పోతుంది. 11వ పనిదినమైన ఏప్రిల్ 21 సాయంత్రం 5 గంటలు పోస్టల్ ఓటు దరఖాస్తుకు గడువు. ఆరో పనిదినమైన ఏప్రిల్ 28 సాయంత్రం 5 గంటలు ప్రాక్సీ (మీ బదులు మరొకరు ఓటు వేసే ఏర్పాటు) దరఖాస్తుకూ, ఓటరు అథారిటీ సర్టిఫికెట్‌కూ గడువు. అభ్యర్థుల నామినేషన్ గడువు 19వ పనిదినం. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం ఏప్రిల్ 3, 6 తేదీల్లో ముందే పడ్డాయి కాబట్టి అది ఏప్రిల్ 9 సాయంత్రం 4 గంటలకు ముగుస్తుంది. ఏ ఏడాదైనా ఈ పద్ధతిలోనే లెక్కపెట్టుకుని, కౌన్సిల్ ప్రచురించే ఎన్నికల ప్రకటనతో సరిచూసుకోవచ్చు.

పోస్టల్ ఓటు, ప్రాక్సీ

పోస్టల్ ఓటు కోరినవారికి ఇంటికి ఒక కట్ట వస్తుంది. అందులో బ్యాలెట్ పత్రం, రెండు కవర్లు, ఒక ప్రకటన పత్రం ఉంటాయి. ప్రకటన పత్రంలో పుట్టిన తేదీ రాసి సంతకం చేయాలి, అవి దరఖాస్తు రోజున మీరిచ్చినవాటితో సరిపోవాలి. ఎక్కువ ఓట్లు పాడయ్యేది ఇక్కడే. పుట్టిన తేదీ గడిలో ఆ రోజు తేదీ రాసేవారున్నారు. ఒకచోట తెలుగులో, మరోచోట ఇంగ్లీషులో సంతకం చేసేవారున్నారు. ఒకే ఇంట్లో ఆలుమగల ప్రకటన పత్రాలు తారుమారై ఒకరి కవరులో మరొకరివి వెళ్లిపోవడం కూడా జరుగుతుంది. పూర్తిచేసిన కట్ట పోలింగ్ రోజు రాత్రి 10 గంటల లోపు చేరాలి. పోస్టు చేయడానికి ఆలస్యమైతే పోలింగ్ కేంద్రంలో అందజేయవచ్చు. మీ ఓటు కాక మరో ఐదుగురివి మాత్రమే తీసుకెళ్లే వీలుంది, ఇచ్చేటప్పుడు ఒక ఫారం నింపి సంతకం చేయాలి. కౌన్సిల్ భవనం తలుపుకున్న పోస్టు పెట్టెలో వేసి వచ్చేస్తే ఆ ఓటు లెక్కలోకి రాదు.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. 2014లో టవర్ హామ్లెట్స్‌లో జరిగిన మేయరు ఎన్నికను, పోస్టల్ ఓట్ల వ్యవహారం సహా పలు అక్రమాలు రుజువయ్యాయని చెప్పి ఎన్నికల కోర్టు 2015 ఏప్రిల్‌లో రద్దు చేసింది. ఆ తర్వాతి సమీక్షల ఫలితంగానే 2022 ఎన్నికల చట్టంలో గుర్తింపు పత్రం, పోస్టల్ ఓట్ల పరిమితి వంటివి చేరాయి. బంధువులు కాని వారి పోస్టల్ ఓటును ప్రచారకులు ముట్టుకోవడం ఇప్పుడు నేరం. మీ ఇంటికి వచ్చిన కార్యకర్త ఎంత ఆత్మీయంగా అడిగినా కవరు చేతికి ఇవ్వకండి.

మే నెలలో వేసవి పెళ్లిళ్లకు భారతదేశం వెళ్లేవారికి పోస్టల్ ఓటు పనికిరాదు, కట్ట అక్కడికి చేరి తిరిగి వచ్చేసరికి ఎన్నిక అయిపోతుంది. ప్రాక్సీ మంచిది. మీరు నమ్మే మనిషి, ఓటుహక్కు ఉన్నవారెవరైనా, మీ పోలింగ్ కేంద్రానికి వెళ్లి తమ గుర్తింపు పత్రం చూపించి మీ తరఫున ఓటు వేస్తారు. ఇంగ్లండ్‌లోని ఓటర్లలో ఇద్దరి కన్నా ఎక్కువ మందికి ఒకరే ప్రాక్సీగా ఉండడానికి వీల్లేదు.

పోలింగ్ రోజు

కేంద్రాలు ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటాయి. 10 గంటలకు వరుసలో నిలబడి ఉంటే ఓటు వేయనిస్తారు. పోలింగ్ కార్డు ఇంట్లో మరిచిపోయినా ఫరవాలేదు, గుర్తింపు పత్రం మరిచిపోతే మాత్రం వెనక్కి వెళ్లి తెచ్చుకోవాల్సిందే. గుమ్మం బయట రంగురంగుల రోజాపువ్వు బ్యాడ్జీలతో నిలబడి మీ ఓటరు నంబరు అడిగేవారు ప్రభుత్వ ఉద్యోగులు కారు. తమ మద్దతుదారుల్లో ఇంకా ఎవరు రాలేదో తెలుసుకోవడానికి పార్టీలు పెట్టుకునే మనుషులు. నంబరు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం.

బ్యాలెట్ పత్రం పైన ఎంతమందికి ఓటు వేయవచ్చో రాసి ఉంటుంది. ముగ్గురు అని ఉంటే ఒక్కరికైనా, ఇద్దరికైనా, ముగ్గురికైనా గుణకారం గుర్తు వేయవచ్చు. నలుగురికి వేస్తే మొత్తం పత్రం చెల్లకుండా పోతుంది. భార్యాభర్తలు ఒకే గడిలోకి కలిసి వెళ్లి, ఎవరికి వేయాలో ఒకరు మరొకరికి చెప్పడం 2023లో వచ్చిన చట్టం ప్రకారం శిక్షార్హం. అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదని పక్కన నిలబడి చూపించబోయేవారు ఈ సంగతి గమనించాలి. సాయం అవసరమైతే ముందుగా ప్రిసైడింగ్ అధికారితో మాట్లాడాలి.

అభ్యర్థిగా నిలబడాలంటే

నిలబడడానికి మామూలు వీసా చాలదు. కామన్వెల్త్ పౌరులైతే ఇక్కడ ఉండడానికి ఐఎల్ఆర్, అంటే కాలపరిమితి లేని నివాస అనుమతి, ఉండాలి. దానికి తోడు ఆ బరోతో నాలుగు సంబంధాల్లో ఒకటైనా ఉండాలి: ఆ బరో ఓటరు జాబితాలో పేరు, గత 12 నెలలుగా అక్కడ నివాసం, గత 12 నెలలుగా ప్రధాన ఉద్యోగం అక్కడే కావడం, గత 12 నెలలుగా అక్కడ ఇల్లో దుకాణమో సొంతానికో అద్దెకో కలిగి ఉండడం. పోటీ చేసే వార్డులోనే ఉండాలన్న నియమం లేదు, బరోలో ఉంటే చాలు. వర్తించే సంబంధాలన్నీ పత్రంలో పేర్కొనడం మేలు, ఒకటి సవాలుకు గురైనా మరొకటి నిలబెడుతుంది.

అనర్హతల్లో మనవారికి ఎక్కువగా తగిలేది ఉద్యోగం. ఏ కౌన్సిల్‌కు పోటీ చేస్తున్నారో ఆ కౌన్సిల్‌లో ఉద్యోగి అయితే నామినేషన్ వేయడానికి ముందే ఆ ఉద్యోగం వదులుకోవాలి. కౌన్సిల్ నడిపే బడిలో టీచరైనా ఇందులోకి వస్తారు. ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేయడం మాత్రం కౌన్సిల్ ఉద్యోగం కిందికి రాదు. గత అయిదేళ్లలో మూడు నెలలు, అంతకు మించి జైలు శిక్ష పడినవారు, ఆ శిక్ష అమలు నిలిపివేసినదైనా సరే, అనర్హులు.

పార్టీ తరఫున నిలబడాలంటే అసలు పోటీ పార్టీ లోపల మొదలవుతుంది. సభ్యత్వం తీసుకుని, వార్డు సమావేశాలకు వెళ్లి, వేరొకరి గెలుపు కోసం ఒక చలికాలమంతా కరపత్రాలు పంచితే తప్ప ఎంపిక కమిటీ ముందు మాట చెల్లదు. టిక్కెట్టు అనే మాట మన వాడుక; ఇక్కడ దాన్ని ఎవరో పైనుంచి ఇవ్వడం కన్నా స్థానిక సభ్యులు ఓటు వేసి ఎంచుకోవడమే ఎక్కువ. ఎంపికయ్యాక పార్టీ నామినేటింగ్ అధికారి సంతకంతో ధ్రువపత్రం ఇస్తారు. అది లేకుండా బ్యాలెట్ పత్రంలో పార్టీ పేరు రాదు. స్వతంత్రులు ఇండిపెండెంట్ అని పెట్టుకోవచ్చు, లేదా ఏమీ రాయకుండా వదిలేయవచ్చు.

నామినేషన్ పత్రాలు ప్రధానంగా మూడు: నామినేషన్ పత్రం, ఇంటి చిరునామా పత్రం, సమ్మతి పత్రం. డిపాజిట్ లేదు, పైసా కట్టక్కర్లేదు. ఒకప్పుడు పదిమంది ఓటర్ల సంతకాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు చాలు. అయితే ఆ ఇద్దరూ మీరు పోటీ చేసే వార్డు జాబితాలోనే ఉండాలి. బరోలో మరో వార్డులో ఉన్న అన్నయ్య సంతకం చేస్తే పత్రం చెల్లదు. పేరు పక్కన జాబితాలోని నంబరు, దాని ముందుండే వార్డు అక్షరాలతో సహా, తప్పు లేకుండా రాయాలి. మిగతా గడులన్నీ నింపాకే సంతకాలు తీసుకోవాలి. సంతకాలు అయ్యాక అభ్యర్థి పేరులో ఒక్క అక్షరం మార్చినా మళ్లీ మొదటికి రావడం మేలు.

పేరు గడి దగ్గర మరో వెసులుబాటు ఉంది. అసలు పేరుతో కాక వాడుకలో ఉన్న పేరుతో బ్యాలెట్ పత్రంలో కనిపించాలనుకుంటే దానికి వేరే గడి ఉంది. నాలుగు భాగాలున్న మన పేర్లను వార్డు జనం పిలిచే తీరులో కుదించుకోవడానికి ఇది అక్కరకొస్తుంది. అభ్యర్థుల వరుస ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటుంది కాబట్టి, వాడుక ఇంటిపేరు పెట్టుకుంటే ఆ పేరును బట్టే మీ స్థానం పడుతుంది. ఇంటి చిరునామా అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే ఆ పత్రంలోనే చెప్పవచ్చు, అప్పుడు చిరునామా బదులు మీరు ఉండే బరో పేరు మాత్రమే ముద్రిస్తారు. ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి నేను ఇదే సూచిస్తాను. సమ్మతి పత్రంలో సాక్షి సంతకం ఉండాలి, నామినేషన్ గడువుకు నెల రోజుల కన్నా ముందు చేసిన సంతకం చెల్లదు.

ఈ మూడు పత్రాలనూ మనిషి చేతుల మీదుగా రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో ఇవ్వాలి, ఈమెయిలు పనికిరాదు. ఆఖరి రోజు దాకా ఆగకండి. చాలా కౌన్సిళ్లలో అధికారికంగా ఇచ్చే ముందు ఒకసారి చూసి తప్పులు చెప్పే ఏర్పాటు ఉంటుంది. వారం ముందే అపాయింట్‌మెంటు తీసుకుని చూపించుకుంటే మళ్లీ సంతకాలకు తిరిగే సమయం మిగులుతుంది. పోటీ నుంచి తప్పుకోవడానికి గడువు కూడా అదే సాయంత్రం 4 గంటలు. ఆ తర్వాత మనసు మారినా పేరు బ్యాలెట్ పత్రంలో ఉండిపోతుంది.

ప్రచారం, ఖర్చు

వార్డు స్థాయి ప్రచారమంటే సాయంత్రం ఉద్యోగం అయ్యాక గుమ్మాలు ఎక్కి దిగడమే. స్థానిక ఎన్నికల్లో మామూలుగా ఓటర్లలో మూడో వంతు మంది, కాస్త అటూ ఇటూగా, మాత్రమే ఓటు వేస్తారు, కాబట్టి యాభై ఇళ్ల తేడాతో వార్డు చేతులు మారడం వింత కాదు. తలుపుకున్న పోస్టు రంధ్రాల స్ప్రింగులు వేళ్లు నలిపేస్తాయి, లోపల కుక్క ఉంటే ఇంకా కష్టం. పాత కార్యకర్తలు కరపత్రాన్ని చెక్క గరిటెతో లోపలికి తోస్తారు. మనింట్లోని చెక్క అట్లకాడ దానికి సరిగ్గా సరిపోతుంది. ఇంటింటి ప్రచారానికి డబ్బిచ్చి మనుషులను పెట్టుకోవడం చట్టవిరుద్ధం.

భోజనాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఓటరు మనసు మార్చే ఉద్దేశంతో తిండి, పానీయం, వినోదం సమకూర్చడం 1983 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద నేరం. ఉగాది వేడుకలో అభ్యర్థి సొంత ఖర్చుతో బిర్యానీ పెట్టించి మైకు అందుకుంటే అది ఆతిథ్యమని వాదించడం కష్టం. కార్యకర్తల సమావేశంలో టీ బిస్కెట్లతో ఎవరికీ పేచీ లేదు.

ఖర్చు పరిమితి 2024 ఎన్నికల నుంచి అభ్యర్థికి 960 పౌండ్లు, దానిపై వార్డులోని ఒక్కో ఓటరుకు 8 పెన్నీలు. 9,000 మంది ఓటర్లున్న వార్డులో ఇది 1,680 పౌండ్లు అవుతుంది. ఒకే వార్డులో ఒకే పార్టీ నుంచి కలిసి ప్రచారం చేసేవారికి ఒక్కొక్కరి పరిమితి తగ్గుతుంది: ఇద్దరైతే నాలుగో వంతు, ముగ్గురైతే మూడో వంతు. ఈ అంకెలను ప్రభుత్వం అప్పుడప్పుడు సవరిస్తుంది కాబట్టి మీ ఎన్నికకు ఎన్నికల కమిషన్ ఇచ్చే మార్గదర్శకంలో ఒకసారి చూసుకోండి. 50 పౌండ్లు దాటిన ప్రతి విరాళమూ చట్టం అనుమతించిన దాత నుంచే రావాలి. ఇక్కడి ఓటరు జాబితాలో ఉన్న వ్యక్తి ఇవ్వవచ్చు, హైదరాబాదులోని బావగారు అక్కడి నుంచి పంపితే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయాలి. ప్రతి కరపత్రం మీదా దాన్ని అచ్చువేసినవారి, వేయించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. 2023 నవంబరు నుంచి ఆన్‌లైన్ ప్రచారానికి కూడా ఇలాంటి ముద్ర నియమం వచ్చింది.

లెక్కింపు, ఆ తర్వాత

లెక్కింపుకు అభ్యర్థి, ఏజెంట్లు హాజరై చూడవచ్చు కానీ పత్రాలను తాకకూడదు. ఒక్క స్థానానికే ఎన్నికైతే పత్రాలను కట్టలుగా వేరుచేస్తే పని అయిపోతుంది. మూడు స్థానాలున్న వార్డులో ఒకే పార్టీ ముగ్గురికీ వేసినవి ఒక పక్క, కలిపి వేసినవి మరో పక్క పెడతారు. కలిపి వేసినవాటిని ఒక పెద్ద కాగితం మీద ఒకదాని కింద ఒకటి, ఓటు గుర్తులున్న అంచు మాత్రమే కనిపించేలా అంటించి వరుసగా కూడతారు. ఏజెంట్లు తప్పకుండా కళ్లు పెట్టాల్సింది అక్కడే. తేడా మరీ తక్కువగా ఉంటే ఫలితం ప్రకటించకముందే మళ్లీ లెక్కించమని కోరాలి. సమానమైతే రిటర్నింగ్ అధికారి చీటీ తీస్తారు. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీలోని సౌత్ బ్లైత్ స్థానం పుల్లలు లాగి తేల్చారు, ఆ ఒక్క పుల్లతో కన్సర్వేటివ్ పార్టీకి కౌంటీలో మెజారిటీ ఒక్క స్థానం దూరంలో ఆగిపోయింది.

గెలిచినవారు రెండు నెలల్లోపు పదవీ స్వీకార ప్రకటనపై సంతకం చేయాలి, తమ ఆస్తి, ఉద్యోగ ప్రయోజనాలను 28 రోజుల్లో నమోదు చేయించాలి. కౌన్సిలర్‌కు దక్కేది అలవెన్సే, ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాల సమావేశాలకు వెళ్లాలి. కౌన్సిల్ ఆమోదం లేకుండా ఆరు నెలలు ఏ సమావేశానికీ హాజరు కాకపోతే పదవి పోతుంది. సుదీర్ఘంగా భారతదేశంలో ఉండాల్సి వచ్చేవారు ముందే అనుమతి తీసుకోవాలి. ఇక గెలిచినా ఓడినా, ఖర్చుల బిల్లులు ఫలితం వచ్చిన 21 రోజుల్లో అందాలి, 28 రోజుల్లో చెల్లించాలి, లెక్క 35 రోజుల్లో రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఒక్క పౌండు కూడా ఖర్చు పెట్టనివారు సైతం సున్నా అని రాసి ఆ పత్రం ఇవ్వాల్సిందే.